మూడు చోట్ల ముగ్గు

ఎల్లారెడ్డి, సోమవారం

అక్క అనసూయమ్మకు తమ్ముడు లింగయ్య దండాలు పెట్టి రాసేది.

ఫోన్ల అయితే నేను సగం చెప్పకముందే తీర్పు చెప్తవు, అందుకే రాస్తున్న. ఉన్న బోరు ఎండింది. మక్క ఆకులు చుట్టుకుంటున్నయి. ఒక్క బోరుకే పైసల తాకత్ ఉన్నది. భూమిల నీళ్ళు యాడున్నయో చూడమని ముగ్గురిని పిలిచిన. అరచేతుల కొబ్బరికాయ పెట్టుకొని నడిచిన మైసన్న తూర్పు మూల అన్నడు. వేపపుల్లాయన పడమర అన్నడు. మిషినాయన నడుమ అన్నడు. మూడు చోట్ల ముగ్గు పోసిన. అన్నం సహిస్తలేదక్కా. యాడ ఎయ్యాలె?

నీ తమ్ముడు

తా.క. ఈ ఉత్తరం రెండుసార్లు చింపి రాసిన.

కామారెడ్డి, మంగళవారం

లింగయ్యా, తూర్పు.

అక్క

తా.క. ఉత్తరం పట్టుకపోనీకి కండక్టర్ బాలలక్ష్మి బస్సు ఆపి నిలబడ్డది. లేకుంటే ఇంకింత రాస్తుంటి.

ఎల్లారెడ్డి, బుధవారం

అక్కకు దండాలు.

నా ఉత్తరం మొత్తం చదివినవా? తూర్పున బండ తగిలితే? ఊరంత తిరిగి అడిగిన. తూర్పుకు పదకొండు మంది, పడమరకు పదకొండు మంది. నా మాటే మిగిలింది. చేని ఒడ్డు అవతల నీ వాటా భూమిని బీడుగ పడావు పెట్టి నువ్వు నిమ్మళంగ ఉన్నవు!

లింగయ్య

తా.క. నా భార్య ముత్తవ్వను అడగలే. ఆమెది నీ తీరే, తొందర.

కామారెడ్డి, గురువారం

లింగయ్యా,

రేపు పొద్దుగాల బోరు బండి వస్తది. నేనే మాట్లాడిన. నువ్వు ఆలోచించే దాక మక్క ఆగది.

అక్క

తా.క. నీ మాట వినొద్దు, ముత్తవ్వ చెప్పినట్టు చెయ్యమని బండాయనకు చెప్పిన.

ఎల్లారెడ్డి, శనివారం

అక్కా,

నిన్న బండి వచ్చేసరికి నేను మూడు చోట్ల పేర్లతోని చీటీలు రాస్తున్న. బండి ముగ్గు దాక రానే లేదు. దారిల నీ వాటా దాటుతుంటే వెనక చక్రం బురదల దిగబడ్డది. "గింత ఎండల బురదంటే కింద నీళ్ళున్నట్టే, ఈడనే ఎయ్యి" అన్నది ముత్తవ్వ. నూట ఎనభై ఫీట్లకే నీళ్ళు తన్నుకొచ్చినయి. ఏడ్చిన అక్కా.

కానీ బోరు పడ్డది నీ భూమిల. నువ్వు వద్దంటే నా మక్క పోయినట్టే. జల్ది చెప్పు.

నీ తమ్ముడు

తా.క. నీ మొదటి ఉత్తరం తీరు ఒక్క మాట చాలు.

కామారెడ్డి, ఆదివారం

తమ్ముడు లింగయ్యకు అక్క దీవెనలు.

ఈసారి మొత్తం చదివిన. ఇది తొందరపడే ముచ్చట కాదు. మీ బావను అడగాలె. కొబ్బరికాయాయనను, పుల్లాయనను, మిషినాయనను అడగాలె. అమాస పోయినంక ఆలోచిస్త.

నీ అక్క

తా.క. ఊపిరి ఆగిందా? నీ ఉత్తరాలు చదివితే నాకూ గట్లనే అయితది. ముత్తవ్వ శుక్రవారమే ఫోన్ చేసింది, సరే అన్న. నిన్న నువ్వు అరుగు మీద కూసోని నాకు ఆ ఉత్తరం రాస్తుంటే ఆమె మోటరు పెట్టించింది. చేనుకు పోయి చూడు, మక్కకు నీళ్ళు పారుతున్నయి.