గాసి ఇంటి గోడ మీది జీపు మీటరు

అరకులోయలో సర్వేశ్వరా ఆటో స్పేర్స్ దుకాణం వెనక ఇంట్లో కాపురముంటున్న ముదిలి నాగమణి అను నేను, కీర్తిశేషులు సర్వేశ్వరరావు గారి భార్యను, వయసు డెబ్భై మూడు, నా తదనంతరం నా ఆస్తి ఎవరికి ఎలా చెందాలో తెలియజేస్తూ రాయించిన వీలునామా ఇది. నా బుద్ధి సరిగానే పనిచేస్తోంది. అనుమానం ఉన్నవారు కింద మీటరు గురించి నేను చెప్పింది చదివి తప్పు పట్టగలిగితే పట్టవచ్చు. మోకాళ్లు మాత్రం పాడయ్యాయి. వీలునామాకు వాటితో పని లేదని ప్లీడరు గారు అన్నారు. నా మీద ఎవరి బలవంతమూ లేదు. నన్ను బలవంతపెట్టగలిగిన మనిషి మావారు ఒక్కరే, ఆయన ఏడేళ్ల కిందట పోయారు.

ఇది టైపు చేస్తున్నవాడు మా వీధి రవిబాబు. చెప్పింది చెప్పినట్టు కొట్టమన్నాను. మధ్యమధ్య చేయి ఆపి, ఇది అవసరమా అత్తా అని నా వంక చూస్తున్నాడు. అవసరమే.

1. స్థిరాస్తి నాకు లేదు. మేము సాలూరు నుంచి వచ్చిన వ్యాపారస్తులం, ఏజెన్సీలో భూమి మా పేర ఉండకూడదని చట్టం. దుకాణం నిలబడిన జాగా గిరిజన కుటుంబానిది, మేము అద్దెకున్నాం. కనుక నా పిల్లలు ఈ నేల గురించి తగాదా పడే అవసరం లేదు. ఉన్న తగాదాలు చాలు.

2. దుకాణంలోని సరుకు, బీరువాలు, బేరమూ నా కూతురు శ్రావణికి చెందుతాయి. పెళ్లయి వచ్చిన మర్నాడే దాన్ని గల్లాపెట్టె దగ్గర కూర్చోబెడితే అల్లుడు మొహం మాడ్చుకున్నాడు. ఇప్పుడతనే దానికి టీ కాచి తెస్తున్నాడు. అల్లుడికి నా దీవెనలు, ఇత్తడి టీ గిన్నె కూడా.

3. నా నాలుగు గాజులు కోడలికి. ఆ పిల్ల మీద నాకు ఏ కోపమూ లేదు, కోపమంతా దాని మొగుడి మీద. అది కింద వస్తుంది.

4. కాఫీ గింజలు వేయించే ఇనప మూకుడు పక్కింటి బేబికి. అడిగి తీసుకెళ్లిన ఏ ఒక్కసారీ దాన్ని ఖాళీగా తిరిగి ఇవ్వలేదు. ఒకసారి రాజ్‌మా గింజలు, ఒకసారి నాలుగు సీతాఫలాలు. ఇక తిరిగి ఇవ్వనక్కర లేదు.

5. మా మరిది వెంకటరమణకు ఏమీ లేదు. కారణం ఆయనకు తెలుసు.

6. ఇప్పుడు జీపు.

మావారు పాచిపెంటలో ఒక కలప కాంట్రాక్టరు దగ్గర కొన్న విల్లీస్ జీపు, పట్టాళంలో వాడి వేలం వేసిన బండి, ఇంకా మా షెడ్డులోనే ఉంది. ఆ రోజుల్లో మావారు కొండల మీద చింతపండు, లక్క, అడ్డాకులు కొని సాలూరు పంపేవారు. స్పేర్ పార్టుల దుకాణం తరవాత వచ్చింది. ఆ జీపు తోలినవాడు డుంబ్రిగుడ అవతలి ఊరి గాసి. ఇరవై ఏళ్ల వయసులో చేరాడు, మావారి పాడె మోసేదాకా మా మనిషే. నా కొడుకు దుర్గాప్రసాద్‌ని ఒళ్లో కూర్చోబెట్టుకుని స్టీరింగు పట్టించింది కూడా అతనే.

రెండేళ్ల కిందట విశాఖపట్నం నుంచి పాత బండ్లు కూడబెట్టే పెద్దమనిషి ఒకాయన వచ్చి జీపుని చుట్టూ తిరిగి చూశాడు. అన్నీ బాగున్నాయి, స్పీడోమీటరు మాత్రం ఈ బండిది కాదు, అసలుది దొరికితే రేటు మాట్లాడుకుందాం అన్నాడు. నాకు ఆశ్చర్యం వేసింది. ఇన్నేళ్లు ఆ ముల్లు చూస్తూ ఘాట్ రోడ్డు ఎక్కాను దిగాను, అది పరాయిదని నాకు తట్టలేదు. దుర్గకు మాత్రం ఆశ్చర్యం కాదు, ఆవేశం వచ్చింది. గాసి ఇంట్లో దేవుడి గూటి పక్కన గోడకు ఒక మీటరు వేలాడుతుందని ఎవరో చెప్పారు. వెళ్లి చూసి ఫోనులో ఫొటో తీసుకుని, ఆ వారం డుంబ్రిగుడ సంతలో, అడ్డాకుల కట్టల దగ్గర పదిమంది మధ్య గాసిని దొంగ అన్నాడు. పోలీసు కంప్లయింటు ఇస్తానన్నాడు. అప్పుడు నేను అక్కడ లేను. గాసి ఒక్క మాటే అన్నాడట: "దొంగసొత్తు దేవుడి పక్కన పెడతారేటి బాబూ?"

ఆ తరవాత అతను మా గడప తొక్కలేదు. డెబ్భై దాటిన మనిషి, జీవితంలో మొదటిసారి సంతకు పోవడం మానేశాడు. వాళ్లావిడ కనక కూడా వెనక దారిన పోయి ఉప్పు కొనుక్కుంటోందని విని నాకు అన్నం సహించలేదు. మావారు బతికి లేరు, అడగడానికి. అందుకని మీటర్నే అడగాలనుకున్నాను.

ఇందులో రెండు ప్రశ్నలున్నాయి. గాసి ఇంట్లోది నిజంగా మా జీపు మీటరేనా? అవునైతే, ఇచ్చిందా, తీసిందా?

మొదటిదాని కోసం శ్రావణి ఫోనులో వీడియోలు చూసి కళ్లు పాడుచేసుకున్నాను. దుకాణానికి వచ్చిన పాత మీటర్లన్నీ భూతద్దం పెట్టి చూశాను. నా వారసులకు పనికొస్తుందో లేదో గానీ నేర్చుకున్నది రాయిస్తున్నాను. అసలు మీటరు అద్దం చుట్టూ ఉండే రేకు అంచు ఒకేసారి మడిచి బిగించినది. ఎవరైనా విప్పి ఉంటే మడత మీద స్క్రూడ్రైవరు పళ్లగాట్లు తెల్లగా కనబడతాయి. తిరిగిన దూరం చూపే అంకెల చక్రాలు సమంగా నిలబడాలి. వెనక్కి తిప్పి మోసం చేసినదానిలో ఒక అంకె పైకీ ఒకటి కిందికీ ఉంటాయి. పట్టాళం జీపు కాలానిదైతే అంకెలు మైళ్లలో ఉండాలి, కిలోమీటర్లలో కాదు. ఇవన్నీ నకలు చేసేవాడు కూడా నేర్చుకోగలడు. వాడికి చేతకానిది ఒకటుంది. జీపులో పెద్ద మీటరు చుట్టూ పెట్రోలుకీ, ఆయిలుకీ, బ్యాటరీకీ, నీటి వేడికీ నాలుగు చిన్న మీటర్లు ఉంటాయి. టాపు లేని బండి. అయిదూ ఒకే ఎండకు ఎండాలి, ఒకే వానకు తడవాలి.

మోకాళ్ల నొప్పితో ఆటో ఎక్కి గాసి ఇంటికి వెళ్లాను. అతను నా కేసి చూడకుండా మీటరు దింపి చేతిలో పెట్టాడు. విత్తనాలు జల్లే ముందు చేసే ఇటుకల పండగకి విత్తనాల బుట్టతో పాటు దానికీ పసుపు పెడతారట, అద్దం అంచునంతా పసుపే. తుడిచి, జీపు దగ్గరికి తెచ్చి నాలుగు చిన్న మీటర్ల మధ్య ఆనించి చూశాను. నల్ల ముఖాల మీద అంకెలు అయిదింటిలోనూ ఒకే తీరున గోధుమరంగుకు తిరిగాయి. చెమ్మ పట్టిన మచ్చ అయిదింటికీ ఎడమ పక్క కిందనే, వానజల్లు కొట్టే వైపునే ఉంది. ఇప్పుడున్న మీటరుకి ఆ మచ్చే లేదు, పైగా అది కిలోమీటర్లది. శ్రావణి చేత జీపు నడిపించి రోడ్డు పక్క కిలోమీటరు రాళ్లు చూస్తూ పోయాను. రాళ్లు ముందుకు పోతున్నాయి, మీటరు వెనకబడుతోంది. రాళ్లతో లెక్క కలవాలని మావారు ముచ్చటపడి మార్పించి ఉంటారు. పాపం, అది ఏనాడూ కలవలేదు.

కాబట్టి మొదటి ప్రశ్నకు జవాబు: గాసి ఇంట్లోదే అసలు మీటరు. ఇంతవరకూ నా కొడుకు సంతోషించవచ్చు.

రెండోది. ఆ మీటరు వెనక కేబుల్ ఎక్కించే రంధ్రం ఎర్రటి లక్కతో మూసి ఉంది. దుర్గ ఫొటోలో పెద్దది చేసి చూపించినది అదే. కొట్టేసిన మీటరు మళ్లీ ఎవరూ బిగించకుండా రంధ్రం పూడ్చేశాడని, అదే రుజువని ప్లీడరుకి కూడా చెప్పాడు. మా లక్క వ్యాపారం ఆగేనాటికి వాడికి నాలుగేళ్లు. మావారి అలవాటు వాడికి తెలియదు. మా ఇంట్లో తెలిసినవాళ్లలో నేనే మిగిలాను.

మావారు తన దగ్గర ఉంచుకునే వస్తువుకి ముద్ర వేసేవారు కాదు. అమ్మినదానికీ, ఊరికే ఇచ్చినదానికీ మాత్రం, డబ్బా మూత అయినా కుండ మూతి అయినా, లక్క కరిగించి వేసి ఉంగరంతో అదిమేవారు. ముద్ర పడితే ఇక అది తనది కాదని లెక్క. పక్కింటికి పంపిన ఆవకాయ జాడీకి కూడా అలాగే చేస్తే నేను నవ్వేదాన్ని. ఉంగరం మీద శంఖం ఉంటుంది, జాకీ జారి తగిలిన నాడు దాని అంచు చిట్లింది. అది ఆయన వేలికే ఇరుక్కుపోయింది; పోయిన రోజు సబ్బు రాసి నేను తీశాను. అంతకు ముందు గాని తరవాత గాని దాన్ని మరెవరూ పెట్టుకోలేదు.

భూతద్దం పెట్టి చూశాను. మీటరు లక్కలో శంఖం ఉంది, చిట్లిన అంచుతో సహా. పక్కన కొత్త లక్క వేసి ఉంగరం అదిమి రెండూ కలిపి చూశాను. ఏడేళ్ల తరవాత మా ఆయన వచ్చి నా ఎదుట సాక్ష్యం చెప్పినట్టయింది. ఏడ్చాను కూడా, రాయి రవిబాబూ, సిగ్గేమీ లేదు.

మీటరు తిరిగి ఇవ్వడానికి వెళ్లి గాసిని అడిగాను, ఎలా ఇచ్చారని. మార్చిన రోజున ఆయన పాతదాన్ని తుక్కులో వేయబోతే తనే అడిగాడట: "బండి మొగం పారీకండి సావుకారూ, నాకిచ్చీండి." ఈ ముక్క మా దుర్గతో ఎందుకు చెప్పలేదయ్యా అంటే, దొంగ అన్న తరవాత ఇక చెప్పడానికేటుందమ్మా అన్నాడు.

7. కనుక ఇందుమూలంగా తెలియజేయడమేమనగా: సదరు మీటరు నా భర్త స్వహస్తాలతో గాసికి ఇచ్చినది, గాసి సొంత ఆస్తి. దాని మీద నాకు గాని నా వారసులకు గాని ఏ హక్కూ లేదు. లక్క పగలగొట్టి కేబుల్ ఎక్కించి చూద్దామని శ్రావణి అంటే వద్దన్నాను; ఎవరూ పగలగొట్టరాదు. ఉంగరమూ, భూతద్దమూ శ్రావణికి. ఎవరైనా మళ్లీ అనుమానపడితే చూపించడం దాని బాధ్యత.

8. జీపు నా కొడుకు దుర్గాప్రసాద్‌కి చెందుతుంది. అమ్ముకుంటే అమ్ముకో, తోలుకుంటే తోలుకో. పరాయి మీటరుతోనే నీది. అసలు మీటరు కావాలంటే దాని యజమానిని అడగాలి. ఇవ్వడం, ఇవ్వకపోవడం గాసి ఇష్టం.

9. ఈ వీలునామా అమలు జరిపే ఎగ్జిక్యూటరుగా గాసిని నియమిస్తున్నాను. ప్లీడరు గారు రెండుసార్లు అడిగారు, నేను రెండుసార్లూ అదే పేరు చెప్పాను. దుకాణం తాళాలు, బీరువా తాళాలు, గాజుల పెట్టె, జీపు తాళంచెవి నా కళ్లు మూతపడిన రోజు అతని చేతికి చేరాలి. ఎవరి వాటా వారు అతని ఇంటికి వెళ్లి, అతని చేతి మీదుగా తీసుకోవాలి. ఈ సంగతి చెప్పడానికి వెళితే గాసి అన్నాడు: "ఆ గుంటడు రాడమ్మా." జీపు కోసమైనా వస్తాడు అన్నాను.

దుర్గా, నువ్వు దొంగ అన్న మనిషి చేతిలో నాకున్నదంతా పెట్టి పోతున్నాను. ఒక్క స్పూను తగ్గదు. వెళ్లి అడిగి తీసుకో.

ఇది నా సమ్మతితో రాయించి, చదివించుకుని, సాక్షుల ఎదుట చేవ్రాలు చేశాను.

అరకులోయ, 2025 నవంబరు 14, శుక్రవారం.

(చేవ్రాలు) ముదిలి నాగమణి

సాక్షులు:
1. ధనుంజయ్, రిటైర్డ్ పోస్టుమాస్టరు, హుకుంపేట
2. గంగరాజు, కాఫీ రైతు, డుంబ్రిగుడ

టైపు చేసినవారు: రవిబాబు, అరకులోయ