నువ్వు ఊపిన పొడి

బాపూ,

ఇవాళ నీ మూడో సంవత్సరీకం. నీకిష్టమని గారెలకు నూనె పెట్టాను. ఇంతలో ధర్మపురి నుంచి మేనత్త ఫోన్ చేసింది. మాట్లాడి వచ్చేసరికి మూకుడులో నూనె అంటుకుంది. నా చేయి నీళ్ల బిందె మీదికే పోయింది. వెంటనే నీ కోపం గుర్తొచ్చింది: "నీళ్లు పోస్తివా, గవి అడుగున ఆవిరై మండే నూనెను ఇల్లంత జల్లుతయి బిడ్డా!"

గ్యాస్ కట్టేసి, గోడకున్న నీ మంటలార్పే ఎర్ర సిలిండర్ దించాను. బొగ్గు గనిలో మంటలార్పడం నేర్పేవాడివి కదా, వంటింట్లోనూ ఒకటి తగిలించావు. లోపలి సోడా పొడి గడ్డకట్టకుండా ప్రతి ఒకటో తారీఖున దాన్ని తలకిందులు చేసి ఊపేవాడివి. నువ్వు పోయాక ఆ పని నాదైంది. ఇంట్లో ఒక్కదాన్నే అయినా, ఆ కాసేపు నీ పక్కన నిలబడ్డట్టే ఉండేది.

మూడడుగులు వెనక్కి జరిగి నొక్కాను. తెల్లటి పొడి మంటను కమ్మేసింది. "సోడా వేడికి ఇరిగి బొగ్గుపులుసు వాయువు ఇడుస్తది, పొడేమో మంటల నుంచి మంట పుట్టకుంట తెంపుతది" అనేవాడివి. అట్లాగే చిటికెలో ఆరింది.

పక్కింటి లచ్చవ్వ ఉరికొచ్చింది. "మీ బాపే కాపాడిండు పో. జల్ది మళ్ల నింపిచ్చుకో" అంది.

నింపిస్తాను. కానీ ఇన్నాళ్లూ నేను ఊపింది నువ్వు ఊపిన పొడినే, బాపూ. సాయంత్రం దాన్నంతా ఊడ్చి, చేటలోకెత్తి బయట పోశాను.

రేపు ఒకటో తారీఖు.