ఆకు దూయని మల్లె

చోడవరం,
28-3-1972.

చిరంజీవి కృపామణికి అమ్మ దీవించి రాయునది. దేవుని దయవల్ల నేనూ మీ నాన్నా ఇక్కడ లేచి తిరుగుతున్నాం. గుంటూరులో నీవు వేళకి తింటున్నావని తలుస్తాను. నర్సు ట్రైనింగులో రాత్రి డ్యూటీలు తగ్గాయని రాశావు, సంతోషం.

పెరటి పనులు అడిగావు. ఆనపపాదుకి పందిరి వేశాం. బెండ గింజలు పెట్టాను. కరివేప మొదట్లో తవ్వి పెంట వేశాను. మల్లె ఆకు దూశావా అని రెండు ఉత్తరాల్లో అడిగావు, రెండుసార్లూ జవాబు మింగాను. దూయలేదమ్మా. క్రిస్మసు వెళ్ళగానే ఆకంతా దూసి, కొసలు కత్తిరించి, పెంట వేసి నీళ్ళు పెడితేగాని మొగ్గ రాదని నాకు తెలియక కాదు. అది మీ చెల్లి చిన్నతల్లి బతికి ఉండగా వేసిన ఆకు. జ్వరంతో మంచం పట్టేదాకా చెంబుతో నీళ్ళు పోసింది దానికే. నాకు చెయ్యి రాలేదు.

పక్కింటి నరసమ్మ దూసింది. దాని మొక్క మన చిన్నతల్లి అంటు తొక్కి ఇచ్చిందే. మొన్నటిదాకా చెట్టంతా మొగ్గ. సాయంత్రం దాని కూతురు జ్ఞానకుమారి, చిన్నతల్లి ఈడుదే, అరుగు మీద కూర్చుని మాల కట్టుకుంటూ ఉంటే నరసమ్మ జడ వేసేది. నేను తలుపు వేసుకునేదాన్ని. పువ్వు చూసి కాదు, ఆ జడ చూసి. దానికి ఉంచి నాకెందుకు తీశావని ప్రార్థనలోనూ అదే మాట.

ఇక నీకు రాయనిది రాస్తాను. వాళ్ళు వడ్డాది సంతకి వెళ్ళిన రోజు నేను వాళ్ళ పెరట్లోకి వెళ్ళి ఒక్క మొగ్గ మిగల్చకుండా తుంచేశాను. కొంగు నిండా అయ్యాయి. పెంటకుప్పలో కప్పేశాను.

నరసమ్మ వచ్చి చూసి వీధి ఎత్తిపోయేలా అరిచింది. "ఓలమ్మో! అచ్చియ్యమ్మా, నీ మేక నా సెట్టు మేసీసిందే! దాని మూతికి సిక్కం కట్టవేటే?"

"నా మేక ఆకొగ్గీసి మొగ్గలు ఏరుకు తింటాదేటి? అదేటి పెళ్ళికూతురా?" అంది ఎదురింటి అచ్చియ్యమ్మ.

నన్ను అడిగారు. "మేకే. నా కళ్ళతో సూసేను" అన్నాను. అబద్ధ సాక్ష్యం, కృపా. ఆ పూటనుంచి మేక గుంజకి కట్టే ఉంది, రోజంతా అరుపే. మట్టలాదివారం రొట్టె తీసుకోడానికి ప్రభువు బల్ల దగ్గరికి వెళ్ళలేక, మోకాలు నొప్పని మీ నాన్నతో చెప్పి వెనకే కూర్చుండిపోయాను.

నిన్న ఇద్దరి ముందూ చెప్పేశాను. అచ్చియ్యమ్మ నావైపు చూడకుండా వెళ్ళి మేకని విప్పింది. నరసమ్మ నన్ను తోసుకుంటూ మన పెరట్లోకి వచ్చి మల్లె మీద పడింది.

"నాకు మొగ్గల్లేకండా సేసినావు కదా ఒదినా, నీకు ఆకుల్లేకండా సేస్తాను!"

"నరసమ్మా, ఒద్దే! అది సిన్నతల్లి..."

"నాకు తెల్దేటి? తప్పుకో!"

తిడుతూ దూసింది, ఏడుస్తూ దూసింది. ఈస్టరుకి చెల్లి సమాధి మీద మన పెరటి పూలే పెట్టాలని రాశావు. ఈ ఈస్టరుకి అందవు. ఇక మొగ్గ రావడానికి నెల పడుతుంది.

మొదటి కొమ్మకి అడ్డం పడ్డాను కృపా. రెండో కొమ్మ నేనే వంచి పట్టుకున్నాను.

ఇట్లు,
నీ క్షేమం కోరే
మీ అమ్మ