నేను కత్తిరించిన పాట

జహీరాబాద్, ఆదివారం రాత్రి, 1982

ఈ రోజు మ్యాటినీలో పాట కత్తిరించాను. ఆపరేటర్లం అందరం చేసే పనే, ఆట తొందరగా అయిపోతే చాయ్‌కి కాస్త టైం దొరుకుతుంది. పాత సినిమాయే కదా, ఎవరికి గుర్తుంటుందిలే అనుకున్నాను.

పాట రావలసిన చోట తెర మీద కొట్లాట సీను మొదలైంది. నన్ను తిడతారనుకున్నాను. కానీ ముందు బెంచీలో ఎవరో ఆ పాట ఎత్తుకున్నారు. హాలంతా అందుకుంది. రెండు చరణాలూ, ఒక్క మాట పోకుండా పాడారు! నేను సౌండు తగ్గించి కూర్చున్నాను.

తర్వాత కేబిన్ మెట్లు దిగుతుంటే, ఝరాసంగం బస్సుకు పోతున్న ఒక ముసలమ్మ ఆగింది.

"రీలు తెగిందా బిడ్డా? ఫికర్ చెయ్యకు, మేమే పాడుకున్నం."

"అవునమ్మా, తెగింది" అన్నాను.

పాట రేపు మళ్ళీ అతికిస్తాను. ఆమె మాత్రం ఊరికి వెళ్ళిపోయింది.