పైపు తొడిగి బిగించిన బోల్టులు

మేస్త్రి గారూ,

ఇవాళ మీ సంవత్సరీకం. మీరు జగ్గయ్యపేటలో బిగించిన ఆయిలింజను పొద్దున మన నందిగామ షెడ్డుకొచ్చింది. ఇంకా బలం పట్టాలని పానాకి పైపు తొడిగి మరీ బిగించారు కదా, ఆ హెడ్డు బోల్టులు తుప్పుపట్టి, విప్పబోతే మూడు విరిగాయి.

ఆరోజు బోల్టు మరలకి తుప్పు పట్టకుండా గ్రాఫైటు గ్రీజు రాద్దామన్నందుకు, "గ్రీజు రాస్తే వదులవుద్దిరా వెధవా" అని రైతు ముందే నా చెంప పగలగొట్టారు. ఇవాళ కొత్త బోల్టులకి గ్రీజు రాసి, పైపు లేకుండా, ఎదురెదురువి కొంచెం కొంచెంగా బిగించా. ఇంజను నడిపి చూస్తే చుక్క నూనె కారలేదు.

మధ్యాహ్నం మీ ఇంటికి భోజనానికెళ్ళా. అందరూ మీ చేతి బలాన్నే పొగుడుతున్నారు. విరిగిన ముక్కలు మీ ఫొటో ముందు పెట్టా. ఇవేంటని మీ పెద్దబ్బాయి అడిగాడు.

"మీ నాన్న చేతి బలం," అన్నా.

పిచ్చోడు, కళ్ళకద్దుకున్నాడు.