సగం గీసిన గడ్డం

అక్కా,

ముందు నవ్వేయి, తర్వాత చదువు. నిన్న మా ఇంటి ఓనరుకి ఒక్క బుగ్గే గడ్డం గీసి, "మళ్లీ రండి" అని సాగనంపాను. కునుకులోంచి లేచి వెళ్లిన ఆయన, వీధి చివర మొహం తడుముకుని వెనక్కొచ్చాడు. "రెండో బుగ్గ ఎవరిదనుకున్నావయ్యా?" అన్నాడు. సెలూనంతా గొల్లుమంది. నేనూ నవ్వుతూనే రెండో బుగ్గ గీశాను.

ఇది మొదటిసారి కాదు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, చేతిలో కత్తెరతోనే కత్తెర కోసం గాలిస్తున్నాను. చివరి రోజుల్లో నాయనమ్మ నిన్ను "ఎవరమ్మా నువ్వు?" అనడం మరిచిపోలేను. నాకూ అదే మొదలైంది. ఎవరి గొంతు మీదో కత్తి జారకముందే షాపు అమ్మేస్తాను. మీ మరదలికి చెప్పలేదు. చెబితే ఇల్లు పీకి పందిరేస్తుంది. నువ్వూ చెప్పకు.

నీ తమ్ముడు,
బుడ్డోడు

అక్కా,

నీకు రహస్యం చెప్పడం నాదే బుద్ధితక్కువ! ఉత్తరం అందగానే మీ మరదలికి ఫోన్ చేశావట. ఆవిడ నన్ను డాక్టరమ్మ దగ్గరికి ఈడ్చుకెళ్లింది.

పరీక్షలన్నీ చేసి, నాయనమ్మ జబ్బు కాదంది డాక్టరమ్మ. "నిద్ర పడుతోందా?" అని అడిగింది. మీ మరదలే అందుకుంది. "నిద్రెక్కడిదమ్మా! రెండేళ్ల కిందట పాత షాపు కప్పు కూలి ఈయన మీద పడింది. అప్పట్నుంచీ ఎదురు షాపు షట్టరు చప్పుడైనా ఉలిక్కిపడి లేస్తారు."

అప్పుడు నీకు "దువ్వెన కూడా విరగలేదు" అని జోకు రాసి ఊరుకున్నాను. జనం బయటికి తీసేదాకా, సాయంత్రందాకా, ఆ శిథిలాల కింద చీకట్లో ఎలా పడున్నానో ఎవరికీ చెప్పలేదు.

"కప్పు ఆ రోజే కూలింది. మీ మెదడు మాత్రం ఇంకా కాపలా కాస్తోంది. దానికి బుగ్గలు గుర్తుపెట్టుకునే తీరికేదీ?" అంది డాక్టరమ్మ. ఆ భయాన్ని ఇలాగే ఏళ్ల తరబడి మోస్తే ముసలితనంలో మతిమరుపు జబ్బు వచ్చే అవకాశం కొంత పెరగొచ్చట. తప్పక వస్తుందని కాదు, అందుకే ఇప్పుడే వైద్యం అంది. వైద్యమంటే నిద్ర, నడక, వారం వారం ఆమె ముందు కూర్చుని ఆనాటి సంగతి కొంచెం కొంచెంగా చెప్పడం.

ఊరందరి కబుర్లూ చెప్పే నోరు అక్కడ పెగల్లేదు. మొన్నటికి పెగిలింది. ఆ చీకట్లో అమ్మని కాదు, దేవుణ్ణి కాదు, "అక్కా" అనే అరిచాను. ఇంటికొచ్చి చెబితే మీ మరదలు నన్ను రెండు బాది, "నన్ను పిలిచుంటే ఆ పెచ్చులు నేనే పీకేద్దును కదా!" అని ఏడ్చింది. ఆ రాత్రి ఇద్దరం తెల్లారేదాకా నిద్రపోయాం.

షాపు అమ్మడం లేదు. ప్రస్తుతానికి కత్తి పని షాపులో మా పార్టనరుకి, కత్తెర పని నాకు. ఆ రోజు గొంతు చించుకున్నా నీకు వినబడలేదు కదా, ఇప్పుడు మళ్లీ పిలుస్తున్నాను. వచ్చి నాలుగు రోజులుండవే అక్కా.

నీ బుడ్డోడు