కాగిన చక్రానికి నీళ్లు వద్దు

అమ్మా, బడికి క్షేమంగా చేరాను, కంగారు పడకు. కిటోంగా కొండ దిగుతుంటే బ్రేకులు కాగి చక్రాల నుంచి ఘాటుగా పొగ లేచింది. బస్సు ఆపారు. నాన్న తన లారీకి చేసినట్టే నేనూ నీళ్ల డబ్బాతో పరుగెత్తాను. డ్రైవరు మ్వాంబేనే తాత నా చెయ్యి పట్టుకుని ఆపేశాడు.

"ఆగవే తల్లీ! పొయ్యి మీద కాగిన మట్టికుండలో చన్నీళ్లు పోస్తే ఏమవుద్ది? ఇనుమైనా అంతే, పగులుద్ది. కూర్చుని మొక్కజొన్న కంకి తిను, దానంతటదే చల్లారుద్ది."

గంట ఆగి, చిన్న గేరులో మెల్లగా దిగాం. ఈ మాట నేను చెబితే నాన్న నవ్వేస్తాడు, నువ్వు చెబితే వింటాడు. ఆయన లారీలో నీళ్లు తాగడానికే ఉండాలి. మేక ఈనిందా? తమ్ముడి దగ్గు తగ్గిందా? అవ్వకు దండాలు. నాన్న కొండ దిగి ఇల్లు చేరిన ప్రతిసారీ నాకొక ఉత్తరం ముక్క రాయి.

నీ సెకెలా